గడప దాటిన బిస్కెట్టు

మా అత్తమ్మ సత్యమ్మకు నా చేతి వంట ఏనాడూ నచ్చలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. పప్పు చేస్తే ఉప్పు తక్కువ అనేది. ఉప్పు సరిపోయిన రోజు పప్పు ఉడకలేదనేది. రెండూ సరిగ్గా కుదిరితే ఏమీ అనకుండా తిని లేచేది. దాన్నే మెప్పు అనుకొని కంచం తీసేదాన్ని. అదే మనిషి, పక్కింటి గౌసియాబీ ఉత్త చింతపండు చారు పంపినా "మా గౌసి చేతిల ఏమున్నదో ఏమో" అని వేళ్ళు నాకేది. పొరుగింటి పుల్లకూర రుచి అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇటిక్యాలలో మా ఇంటికీ గౌసియాబీ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడలో నాలుగు ఇటుకలు తీసి, గిన్నె పట్టేంత సందు చేసుకున్నారు అత్తమ్మా ఆమే కలిసి, నేను కాపురానికి రాకముందెప్పుడో. ఏడాది పొడుగునా అందులోంచి గిన్నెలు అటూ ఇటూ నడిచేవి. మా బూరెలు అటు, వాళ్ళ సేమ్యా ఇటు. పదకొండేళ్ళలో ఆ సందు ఎండిపోయి ఉండగా నేను చూసింది ఏడాదికి ఒక్కరోజే. అది రజబ్ నెల ఇరవైరెండు, వాళ్ళు కుండేలు చేసే రోజు.

కుండేలంటే మొక్కు. గోధుమపిండితో తీపి బిస్కెట్లు చేసి, కొత్త మట్టికుండల్లో నింపి, ఇమామ్ పేరు మీద ఫాతెహా చదివించి, వచ్చినవాళ్ళకు నేల మీద తెల్లటి దస్తర్‌ఖాన్ పరిచి పెడతారు. వాళ్ళు వాటిని టికియాలంటారు, మా వీధికి మాత్రం గౌసియాబీ బిస్కెట్లే. ఎవరైనా రావచ్చు, కడుపునిండా తినవచ్చు. కానీ ఆ ఇంటి నియమం ఒకటుంది. ఆ బిస్కెట్టు గడప దాటకూడదు. కొంగున కట్టుకొని పోవడం లేదు, ఇంట్లో పిల్లలకని దాచుకోవడం లేదు. తిన్న చెయ్యి కడిగిన నీళ్ళు కూడా మురికి పోయే మోరీలో పొయ్యరు, పళ్ళెంలో పట్టి మల్లెచెట్టు మొదట్లో పోస్తారు.

అత్తమ్మకు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారట. తొమ్మిదేళ్ళు ఒడి నిలవలేదు. గౌసియాబీ అప్పటికి కొత్తకోడలు. ఆమె అత్తకు చూపు మందగించి కుండలు కోడలి చేతిలో పెట్టిన మొదటి ఏడు అది. "అక్కా, మనసుల అనుకొని తిను" అని మా అత్తమ్మను పక్కన కూర్చోబెట్టుకొని తినిపించిందట. మరుసటి ఏడు కుండేల నాటికి నా మొగుడు ఈరన్న ఆ దస్తర్‌ఖాన్ పక్కన చాప మీద పడుకొని కాళ్ళు కొట్టుకుంటున్నాడు. ఆనాటి నుంచి అత్తమ్మ ఒక్క ఏడు కూడా తప్పలేదు. చెల్లెలి పురుడు వదిలి వచ్చింది, జ్వరంతో వచ్చింది. "నా కొడుకు పానం ఆ బిస్కెట్ల ఉన్నదే. ఒక్క యేడు తప్పినా నాకు భయం" అనేది. నేను నవ్వేదాన్ని. ఆమె ఎదురుగా కాదులెండి.

నేను కాపురానికొచ్చిన పదకొండో ఏడు, ఉగాదికి ముందు, అత్తమ్మ బోరింగు దగ్గర జారిపడింది. తుంటి విరిగింది. కర్నూలు తీసుకుపోతే, చక్కెరజబ్బు ఉంది, వయసు అరవై దాటింది, కోత పెట్టలేమన్నారు. ఇంటికి తెచ్చి మంచంలో వేశాం. ఇక అన్నీ మంచంలోనే. గుడ్డలు మార్చడం, ఒళ్ళు తుడవడం, పుండ్లు పడకుండా పొద్దుకు నాలుగుసార్లు పక్కకు తిప్పడం, అన్నీ నేనే చేశాను. ఇష్టంగా చేశానని చెప్పను. చేశాను.

శ్రావణంలో కృష్ణకు నీళ్ళొచ్చి ఊరంతా పొలాల్లో ఉన్న రోజుల్లో రజబ్ వచ్చింది. వారం ముందు నుంచే అత్తమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఇయ్యాల ఎన్నోనాడే బాలమణీ?" అని పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి. ఈరన్న ట్రాక్టరు కడుక్కొని వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"ఎందుకమ్మ పరేషాన్? మంచంతోటి లేపుకొని పోత. నలుగురం పడితే ఎంతసేపు? పక్కిల్లే గద."

"వద్దురా" అంది అత్తమ్మ. "పక్కల పోసుకునేదాన్ని. గీ ఒంటితోని ఆ తెల్లబట్ట కాడికి ఎట్ల పోతరా? గౌసి తలమీద నీళ్ళు పోసుకొని, తడి ఎంటుకలతోనే పిండి పిసుకుతది. ఉప్పు తీపి కూడా నాలికె మీద ఏసి చూడదు. గంత నిష్ఠగ చేసిన కాడికి నేను కంపు కొట్టుకుంట పోవాల్నా?"

ముందురోజు మధ్యాహ్నం గౌసియాబీయే వచ్చింది. ఆమెను నేను చిన్నమ్మ అని పిలుస్తాను. మంచం అంచున కూర్చొని అత్తమ్మ చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నువ్వు రా. ఏం గాదు. పై ఆయనకు తెల్వదా నీ సంగతి?"

"ఆయనకు తెలుసు గౌసీ. నాకు మనసొప్పుతలేదు."

ఇద్దరూ ఏడుపు మొహాలు పెట్టుకొని కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండింది. "అయితే నువ్వే ఒకటి తెచ్చియ్యరాదా చిన్నమ్మా? ఆ సందుల నుంచి చెయ్యి సాపితే అందుతది" అన్నాను.

గౌసియాబీ నా వైపు చూసింది, తర్వాత నేలవైపు చూసింది. "గడప దాటొద్దు బిడ్డా. మా అత్త నా చేతిల కుండలు పెట్టిననాడు నెత్తి మీద చెయ్యి పెట్టిచ్చుకున్నది. దాటితే ఇగ నీ చేతితోని చెయ్యొద్దని మాట తీసుకున్నది."

"ముప్పయ్యేండ్ల దోస్తానకు ఒక్క బిస్కెట్టు బరువైందా?" అన్నాను.

అత్తమ్మ నన్ను కసిరింది. గౌసియాబీ లేచి వెళ్ళిపోయింది. నేను అత్తమ్మ తరఫున మాట్లాడానని ఆ రోజు సంగతి విన్న ఈరన్న అనుకున్నాడు. నిజం చెప్పాలంటే, గౌసియాబీ ఒక్కసారైనా మా అత్తమ్మ ముందు తక్కువ పడిందన్న సంతోషమే నాలో ఎక్కువగా ఉంది.

మర్నాడు పొద్దున సందులోంచి నేతి వాసన వచ్చింది. ఏలకుల వాసన, గసగసాలు వేగిన వాసన. అత్తమ్మ ముఖం గోడవైపే తిప్పుకొని పడుకుంది. జావ ఇస్తే వద్దంది. మందు బిళ్ళ వేసుకోనంది. అట్లా రెండు గంటలు చూశాక నాకు పంతం వచ్చింది. ఏముంది ఆ బిస్కెట్లో? పిండే కదా, చక్కెరే కదా. పదకొండేళ్ళు ఆ సందులోంచి చూస్తూనే ఉన్నాను, నాకు రాదా?

గిర్నీ పట్టించిన గోధుమపిండి రెండు గ్లాసులు పళ్ళెంలో పోశాను. గుప్పెడు రవ్వ, చిటికెడు ఉప్పు, గసగసాలు, దంచిన ఏలకులు. కరెంటు లేదు, చక్కెర రోట్లో వేసి నూరాను. నెయ్యి కాచి వేడివేడిగా పిండి మీద పోసి, రెండు చేతులతో రుద్ది రుద్ది, గుప్పిట్లో పడితే ముద్ద కట్టేదాకా కలిపాను. అక్కడే ఉంది కిటుకంతా. ముద్ద కట్టకపోతే బిస్కెట్టు రాయి అవుతుంది, నెయ్యి ఎక్కువైతే నూనెలో విడిపోతుంది. తర్వాత పాలు, ధారగా కాదు, చేత్తో చిలకరిస్తూ. పిండి గట్టిగా కుదిరాక తడిగుడ్డ కప్పి అరగంట వదిలాను. చిటికెనవేలి మందాన ఒత్తి, గ్లాసు అంచుతో గుండ్రంగా కోసి, ఒక్కొక్కదాన్నీ చిల్లుల గరిటె వెనకవైపుతో నొక్కితే చుక్కల అచ్చు పడింది. గౌసియాబీ అట్లాగే చేస్తుంది.

మొదటి వాయ మాడింది. నూనె ఎక్కువ కాగి పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంది. దాన్ని కోళ్ళకు వేసి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, సన్నని మంట మీద ఓపిగ్గా తిప్పుతూ వేయించాను. రెండో వాయ ఎర్రగా, ఒక్కతీరుగా వచ్చింది. చల్లారాక ఒకటి విరిస్తే పటుక్కుమంది. నా పెళ్ళయ్యాక ఏ వంటా నేను అంత శ్రద్ధగా చేసి ఉండను. రుచి కూడా చూడలేదు, నేనూ నిష్ఠగానే చేశానని చెప్పుకోవడానికి.

కంచంలో నాలుగు పెట్టుకొని అత్తమ్మ దగ్గరికి పోయాను. తల కింద దిండు ఎత్తి, ఒకటి చేతికిచ్చాను. ఆమె కొరికింది. మెల్లగా నమిలింది. పళ్ళు సగం లేవు, చాలాసేపు నమిలింది. తర్వాత మిగిలిన ముక్క కంచంలో పెట్టేసింది.

"మంచిగనే ఉన్నదే" అంది. "కానీ ఇది గాదు."

"ఏం తక్కువైంది?"

"తక్కువేం గాలే. ఇది గాదు, గంతే."

కంచం తీసుకొని వంటింట్లోకి వచ్చాను. పదకొండేళ్ళలో నా వంటను మంచిగా ఉందని ఆమె అన్నది అదొక్కసారే. ఆ సగం నాకు అప్పుడు వినపడనే లేదు. రెండో సగమే చెవిలో మోగింది. పిల్లలు బడి నుంచి వచ్చి గుప్పిళ్ళతో పట్టుకుపోతే అరిచాను. ఈరన్న రెండు తిని బాగున్నాయంటే అతని మీదా అరిచాను. అత్తమీది కోపం దుత్తమీద చూపించాను ఆ రోజంతా.

పొద్దు గూకే వేళకు వాకిట్లో ఎవరో నిలబడ్డట్టుంటే పోయి చూశాను. గౌసియాబీ. సందులోంచి పిలవకుండా వీధి చుట్టి వచ్చింది. కొంగు తలమీద నుంచి ముఖం మీదికి లాక్కొని ఉంది. కుడిచెయ్యి కొంగు కింద దాచుకుంది.

"గడప దాటిచ్చిన బిడ్డా" అంది. "పొద్దటి సంది ఒక్కటి కూడా నా గొంతు దిగలే. అల్లా నాకేం రాసిపెట్టిండో తెల్వదు. ఇగో, అక్కకు తినిపియ్యి."

కొత్త రుమాలు మడతలో ఒకే ఒక్క బిస్కెట్టు.

"లోపలికి రా చిన్నమ్మా, నువ్వే పెట్టు" అన్నాను. అన్నాను, అబద్ధం కాదు.

"ఇంటినిండ సుట్టాలున్నరే. నేను కనబడకుంటే మా ఆడబిడ్డ లెంకుతది. అక్క మొకం చూస్తే నేను ఏడుస్త, అది అందరికి తెలుస్తది. నువ్వు తినిపియ్యి. నీ చేతుల మీదుగ పోనియ్యి." రుమాలు నా చేతిలో కుక్కి, గోడ నీడన నడిచి వెళ్ళిపోయింది.

పెడదామనే లోపలికి తెచ్చాను. అత్తమ్మ కళ్ళు మూసుకొని ఉంది. నిద్రపోతోందనుకొని, లేచాక పెడదామని వంటింట్లోకి పోయి రుమాలు విప్పాను. పక్కనే పొద్దున అత్తమ్మ కొరికి వదిలిన నా బిస్కెట్టు కంచంలో అట్లాగే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. నాది గుండ్రంగా, ఒకే రంగులో ఉంది. గౌసియాబీది ఒక పక్క మాడింది, అంచు పగిలింది. ఆమెకూ చూపు తగ్గింది మరి.

పగిలిన అంచు కొంచెం తుంచి నోట్లో వేసుకున్నాను. ఏముందో చూద్దామని, అంతే. ఏమీ లేదు. పిండి, చక్కెర, నెయ్యి. ఏలకులు నా దాంట్లోనే ఎక్కువ ఉన్నాయి. పొరపాటు పడ్డానేమోనని ఇంకో ముక్క తుంచాను. అదే రుచి. దీనికోసమా నన్ను పదకొండేళ్ళు తక్కువ చేసింది? దీనికోసమా ఇది గాదు, ఇది గాదు అంటుంది? అక్కడ ఆగినా సగం మిగిలేది. నేను ఆగలేదు. పొయ్యి పక్కన నిలబడి, చివరికి రుమాలు దులిపి ఆ పొడి కూడా తిన్నాను. చెయ్యి మోరీలోనే కడిగాను.

"బాలమణీ" అని పిలిచింది అత్తమ్మ లోపలి నుంచి. "గౌసి గొంతు ఇనొచ్చినట్టయింది. వచ్చిందానే?"

"ఆమె ఎందుకొస్తది? ఇంటినిండ సుట్టాలైతే."

"అవు. ఎట్లొస్తది" అంది అత్తమ్మ.

నా బిస్కెట్టే ఒకటి ఆ రుమాల్లో చుట్టి, గౌసియాబీ పంపిందని ఇచ్చినా ఆమె నమ్మేది. తృప్తిగా తినేది. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. నా చేతి బిస్కెట్టును గౌసియాబీ పేరు మీద ఆమె మెచ్చుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. నా బుద్ధి అంత వంకరగా ఉందని ఆ సాయంత్రమే నాకు తెలిసింది.

మర్నాటి నుంచి అత్తమ్మకు భయం పట్టుకుంది. ఈరన్న ట్రాక్టరు తీస్తే చాలు, "మెల్లగ నడుపురా" అని కేక వేసేది. బీచుపల్లి దాకా పోయొస్తానంటే చెయ్యి పట్టుకొని వదిలేది కాదు. అతను పోయాక నాతో లెక్క. "ఈరన్న వచ్చిండా?" "రాలే." "గింతసేపైందేందే?" ఇంజను చప్పుడు వీధి మొదట్లో వినపడేదాకా ముద్ద మింగేది కాదు. అతనికి తుమ్మొస్తే ఆమె పెదవులు వణికేవి. "ఈ యేడు తప్పింది బిడ్డా, వాణ్ణి జర కనిపెట్టుకొని ఉండు" అని నాకే అప్పజెప్పేది, కొడుకును కాపాడమని, నాకే. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకొని ఆమె ఒళ్ళు తుడిచేదాన్ని.

గౌసియాబీ రోజూ వచ్చేది. కానీ ఆ సంగతి ఎత్తేది కాదు. ఒట్టు తప్పిన మాట నోటితో చెప్పుకోవడం ఆమెకు భయం. అత్తమ్మ కూడా ఎత్తేది కాదు, గౌసి మనసు నొచ్చుకుంటుందని. వాళ్ళిద్దరూ అట్లా మాట్లాడుకోకపోవడమే నన్ను కాపాడింది. ప్రతిరోజూ వాళ్ళ మధ్య ఏదో ఒక పని పెట్టుకొని నేను అక్కడే తచ్చాడేదాన్ని.

ఇరవై రోజులు కూడా గడవలేదు, అత్తమ్మ పోయింది. చివరిరోజు కూడా అదే మాట, "ఈరన్న వచ్చిండా?" అని. అతను ఆమె కాళ్ళు పట్టుకొని అక్కడే కూర్చొని ఉన్నాడు. "ఇక్కడే ఉన్ననమ్మా" అని అరిచినా ఆమెకు అందలేదు. అతనికి ఆనాడు ఏమీ కాలేదు, ఇప్పటికీ ఏమీ కాలేదు. రాయిలా ఉన్నాడు. ఆమే, రాని ఆపదకు భయపడి భయపడి పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టినప్పుడు, విస్తట్లో అన్నం, మాంసం, ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. డబ్బాలో అడుగున నేను చేసిన బిస్కెట్లు రెండు మిగిలి ఉంటే అవీ పెట్టాను. కాకి వచ్చీ రాగానే బిస్కెట్టే ముక్కున కరుచుకొని ఎగిరిపోయింది. "ఏ కోరిక లేకుండ పోయింది మారాజు మనిషి" అంది మా వీధి పెద్దామె రంగమ్మ, అందరూ తలలూపారు. ఆ కాకిని రాయి పెట్టి కొట్టాలనిపించింది నాకు.

ఏడాది తిరిగింది. రజబ్ ఇరవైరెండు పొద్దున చెవులూ ముక్కూ గోడకే పెట్టుకొని కూర్చున్నాను. నేతి వాసన రాలేదు. సందులోంచి వంగి చూస్తే పొయ్యి చల్లగా ఉంది. పది గంటలకు ఇక ఉండబట్టక పోయాను. గౌసియాబీ ఒక్కతే అరుగు మీద కూర్చొని గోంగూర తుంచుతోంది.

"కుండేలు చేస్తలేవా చిన్నమ్మా?"

"కుండలు మా తోటికోడలికి ఇచ్చేసిన. ఒట్టు తప్పినదాన్ని, ఇగ నా చెయ్యి పెట్టొద్దు." ఆకు తుంచుతూనే చెప్పింది. "ఎందుకు ఇచ్చినవని ఇంట్ల అందరు అడిగిన్రు. కండ్లు కనిపిస్తలేవని చెప్పిన. నీకొక్కదానికే తెలుసు."

నేను నిలబడే ఉన్నాను. ఆమె నన్ను చెయ్యి పట్టి లాగి పక్కన కూర్చోబెట్టుకుంది.

"బాధ లేదు బిడ్డా. ముప్పయి రెండేండ్లు చేసిన. మా అక్క ఆఖరి యేడు తప్పకుండ ఒక్కటి ఆమె నోట్ల పడ్డది. గది చాలు నాకు. దానికి శిక్ష పడితే పడనీ. అక్కను అడుగుదామనుకున్న, అడగలేకపోయిన. అడిగితే నేనొచ్చిన సంగతి నలుగురికి తెలుస్తదేమో అని. తిన్నంక ఏమన్నదే?"

ఆమె కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి. పొర కమ్మిన కళ్ళు. ఇప్పుడు నిజం చెప్తే ఆమెకు ఏం మిగులుతుంది? ఆమె కోసమే చెప్పలేదని అనుకుంటే నాకు తేలికగా ఉండేది. నేను నా కోసమే చెప్పలేదు.

"'ఇదే' అన్నది చిన్నమ్మా" అన్నాను. "'మా గౌసి చేతిదే ఇది' అన్నది."

గౌసియాబీ కళ్ళు మూసుకుంది. చెంపల మీద నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. తర్వాత నా కుడిచెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"ఈ చెయ్యితోనే గద నా తల్లీ తినిపిచ్చినవ్" అని దాన్ని కళ్ళకద్దుకుంది.